సబర్, రజా: ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ వృద్ధాప్యం

తెలుగునాట ముస్లిం ఇండ్లలో ఎవరైనా మరణించినప్పుడు, వ్యాపారం మునిగినప్పుడు, గల్ఫు దేశానికి పోయిన కుమారుని నుండి నెలల తరబడి కబురు రానప్పుడు, ఇంటిలోని పెద్దవారితో అందరూ పలికే మాట ఒక్కటే: సబర్ చేయండి. ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా ఈ అరబ్బీ మాట మాత్రం మారదు. చెప్పేవారి ఉద్దేశ్యం మంచిదే. కాని ఆ మాట విన్న తరువాత వృద్ధులు ఏమి చేయవలెను? ఏడుపు మాని ఊరకుండవలెనా? పోయినదానిని మరచిపోవలెనా? పోయినవారి పేరు ఎత్తకూడదా? చాలా ఇండ్లలో ఆ మాటకు, ఇక ఏడవకండి, మమ్ములను ఏడిపించకండి అనే అర్థమే మిగిలినది. వృద్ధుని దుఃఖాన్ని చూడలేని మన ఇబ్బందియే అక్కడ మాట్లాడుతున్నదని చెప్పవచ్చును.

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ మహమ్మారి వచ్చిన తరువాత ఈ ప్రశ్న మరింత బరువెక్కినది. ఎందరో వృద్ధులు తమకంటె చిన్నవారిని పోగొట్టుకొన్నారు. చాలాచోట్ల కడసారి ముఖం చూచుటకు వీలు లేకపోయినది. శవానికి స్నానం చేయించే అవకాశం లేదు. జనాజా నమాజులో నిలిచినవారు నలుగురైదుగురే. అట్టివారికి సబర్ అనే మాట ఇంకా పనికివచ్చునా, వచ్చినచో ఏ అర్థంలో వచ్చును అని విచారించుట అవసరం. అందుకై మొదట సబర్, రజా అనే రెండు మాటలను సంగ్రహంగా పరిశీలించి, పిమ్మట పన్నెండవ శతాబ్దంలో సిరియా దేశంలో తొంభై మూడేండ్లు జీవించిన ఒక మనిషి వృద్ధాప్యాన్ని కొంచెం వివరంగా చూతము.

అరబ్బీలో 'సబ్ర్' అనే మాటకు మూలార్థం నిగ్రహించుట, ఆపి ఉంచుట. దేనిని ఆపవలెను అనేది ముఖ్యమైన ప్రశ్న. పద్నాలుగవ శతాబ్దపు దమాస్కసు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (1292-1350) సబర్‌ను గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసినాడు. మనస్సును కల్లోలం నుండి, నాలుకను ఫిర్యాదు నుండి, చేతులను చెంపలు కొట్టుకొనుట, బట్టలు చించుకొనుట మొదలైన వాని నుండి ఆపుటయే సబర్ అని ఆయన వివరణ. ఈ జాబితాలో కన్నీరు లేదు. కన్నీరు ఆపవలెనని ఆయన చెప్పలేదు.

చెప్పకపోవుటకు కారణం ఉన్నది. ఖురాన్‌లో సబర్‌కు అన్నిటికంటె పెద్ద ఉదాహరణలలో ఒకటి యూసుఫ్ తండ్రి యాఖూబ్. పన్నెండవ సూరాలో ఆయన రెండుసార్లు, ఇద్దరు కుమారులు దూరమైన రెండు సందర్భాలలో, సుందరమైన సబర్‌ను గూర్చి మాట్లాడుతాడు. అదే వృద్ధుడు ఏడ్చి ఏడ్చి కండ్లు తెల్లబడి చూపు పోగొట్టుకొన్నాడని కూడ అదే సూరా చెప్పుతున్నది. మిగిలిన కుమారులు విసుగుకొంటారు: ఈ తలపోతతోనే నీవు నశించిపోతావు అని మందలిస్తారు. తన వేదనను తాను దేవునితో మాత్రమే మొరపెట్టుకొంటున్నానని ఆయన బదులు చెప్పుతాడు. ఈ ఘట్టాన్ని చదివినప్పుడెల్లా నాకు ఒక సంగతి తోచుతుంది. ఆ ఇంటిలో సబర్ గలవాడు ఏడ్చుతున్న తండ్రి. ఏడవవద్దన్న కుమారులకు ఆ గుణం ఉన్నదని సూరా ఎక్కడా చెప్పలేదు.

హదీసు సంకలనాలలో ఇంకొక ఘట్టం ఉన్నది. క్రీ.శ. 632లో ముహమ్మద్ ప్రవక్త చిన్న కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినాడు. శిశువు వయస్సు రెండేండ్లు కూడ నిండలేదు. అప్పటికి ప్రవక్తకు అరువది దాటినవి. తమ ఏడుగురు సంతానంలో ఆరుగురిని మట్టికి అప్పగించిన తండ్రి ఆయన. మిగిలినది ఫాతిమా ఒక్కరే. ఆయన కంట నీరు చూచి అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ ఆశ్చర్యపడి, మీరు కూడనా అని అడిగినాడు. ఇది కరుణ అని ప్రవక్త సమాధానం చెప్పినారు. కన్ను ఏడ్చును, మనస్సు బాధపడును, నోరు మాత్రం దేవునికి నచ్చని మాట పలుకదు అనే భావం గల మాటలు కూడ అప్పటివే.

ఇక 'రజా'. దీనికి అంగీకారం, సమ్మతి అని అర్థం చెప్పుకొందము. సబర్ కంటె ఇది ఒక మెట్టు పైదని సూఫీ గ్రంథాలు అంటాయి. కాని ఈ పై మెట్టు మీద నొప్పి ఉండదని అనుకొనుట పొరపాటు. ఇమామ్ గజ్జాలీ (1058-1111) తన ప్రసిద్ధ గ్రంథం 'ఇహ్యా'లో దీనిని గూర్చి చర్చించుతూ చక్కని ఉపమానం చెప్పినాడు. వైద్యుని వద్ద కొమ్ము పెట్టించుకొని చెడు రక్తం తీయించుకొనే రోగికి నొప్పి తెలియును. అయినను అతడు దానికి సమ్మతించును, వైద్యునికి కృతజ్ఞత కూడ చెప్పును. నొప్పియు, సమ్మతియు ఒకే మనిషిలో ఒకే క్షణాన ఉండగలవు. అంతేకాదు, ప్రార్థించుట రజాకు విరుద్ధం కాదని గజ్జాలీ ప్రత్యేకంగా ఒక భాగంలో నిరూపించినాడు. బాధ తొలగవలెనని కోరుట అంగీకారాన్ని చెరుపదన్న మాట. మందు మాని, వైద్యుని మాని, ఇదంతా దేవుని మర్జీ అని గోడవైపు తిరిగి పడుకొన్న వృద్ధులను చూచినప్పుడు ఈ భాగం గుర్తుకు తెచ్చుకొనదగినది.

సిద్ధాంతంగా ఇంతవరకు చెప్పుట సులభమే. జీవితంలో ఇది ఎట్లుండునో చూచుటకు సూఫీ మహాత్ముల చరిత్రలు చాలా ఉన్నవి. కాని ఆ చరిత్రలలో దుఃఖం మరీ త్వరగా కరిగిపోతుంది. చదివేవానికి తన దుఃఖం అంత త్వరగా ఎందుకు కరుగలేదన్న సిగ్గు మాత్రమే మిగులుతుంది. కావున సూఫీ కాని వానిని, ఒక సైనికుని, ఆస్థానాలు తిరిగినవానిని, వేట పిచ్చి గలవానిని ఎన్నుకొంటున్నాను.

షైజర్ కోట

ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ క్రీ.శ. 1095లో (హిజ్రీ 488) ఉత్తర సిరియాలోని షైజర్ కోటలో జన్మించినాడు. హమా పట్టణానికి వాయవ్యంగా, ఆసీ నది ఒడ్డున, ఎత్తైన రాతి గట్టు మీద ఆ కోట ఉన్నది. అదే సంవత్సరం నవంబరులో ఫ్రాన్సు దేశంలో పోపు రెండవ అర్బన్ మొదటి క్రూసేడ్‌కు పిలుపు ఇచ్చినాడు. ఉసామా మరణించినది 1188లో. సలాహుద్దీన్ జెరూసలేమును తిరిగి గెలుచుకొన్న మరుసటి సంవత్సరం. అనగా ఒక శతాబ్దపు యుద్ధం దాదాపు మొత్తం ఆయన ఒక్క జీవితకాలంలో ఇమిడినది.

తండ్రి ముర్షిద్‌కు కోట పాలన చేతికి వచ్చినను, దానిని వద్దనుకొని తమ్మునికి అప్పగించినాడు. ఆయనకు ఇష్టమైనవి రెండే: వేట, ఖురాన్ ప్రతులు తన చేతితో వ్రాయుట. జీవితకాలంలో నలభైకి పైగా ప్రతులు పూర్తి చేసినాడని కుమారుడు వ్రాసినాడు. పినతండ్రి సుల్తాన్‌కు చాలాకాలం మగ సంతానం లేదు. అందుచేత అతడు ఉసామాను వారసునిగా పెంచినాడు. తరువాత స్వంత కుమారులు పుట్టినారు. 1137లో ముర్షిద్ మరణించగా, మరుసటి సంవత్సరమే ఉసామా, ఆయన సోదరులు కోట విడిచిపోవలసి వచ్చినది. అప్పటికి ఆయనకు నలభై మూడేండ్లు. పుట్టిన ఇంటిలో మరల ఎన్నడూ కాపురం ఉండలేదు.

ఆపై దమాస్కసులో ఆరేండ్లు, కైరోలో పదేండ్లు, మరల దమాస్కసు. ఈ కాలపు రాజకీయాలను ఇక్కడ వివరించను. కైరోలో ఫాతిమీ ఖలీఫా హత్యకు దారితీసిన కుట్రలో ఉసామాకు కూడ చేయి ఉన్నదని ఆనాటి చరిత్రకారులు కొందరు ఆరోపించినారు. ఆయన వ్రాసుకొన్నదానిలో ఈ విషయమై తనను తాను కాపాడుకొనే ధోరణి ఉన్నది. ఆయన మచ్చలేని మనిషి అని చూపించుట ఈ వ్యాసం పని కాదు. మచ్చలున్న మనిషి వృద్ధాప్యమే మనకు ఎక్కువ ఉపయోగం.

పుస్తకాలు, భూకంపం

1154లో కైరో విడిచి ఆయన దమాస్కసు చేరి నూరుద్దీన్ కొలువులో ఉన్నాడు. కుటుంబం ఈజిప్టులోనే చిక్కుకొని ఉన్నది. వారిని రప్పించుటకు క్రూసేడర్ రాజు మూడవ బాల్డ్విన్ నుండి అభయపత్రం సంపాదించబడినది. స్త్రీలు, పిల్లలు ఓడ ఎక్కినారు. అక్కా రేవు దగ్గరకు రాగానే రాజు మనుషులు గొడ్డళ్లతో ఓడను బద్దలుకొట్టి, నగలు, బట్టలు, కత్తులు, బంగారం అన్నీ దోచుకొన్నారు. దాదాపు ముప్పది వేల దీనారుల సొత్తు. దారి ఖర్చులకని ఐదువందల దీనారులు చేతిలో పెట్టి వారిని పంపించివేసినారు. ప్రాణాలు మాత్రం దక్కినవి.

ఈ వార్త విన్నప్పుడు తనకు కలిగిన భావాన్ని ఉసామా సుమారు ముప్పది సంవత్సరాల తరువాత వ్రాసినాడు. ఆ వాక్యాలు మన విషయానికి కీలకం. తన పిల్లలు, సోదరుని పిల్లలు, ఇంటి స్త్రీలు క్షేమంగా రావడంతో పోయిన ధనం తనకు తేలికైనదని ఆయన అంటాడు. ఒక్క పుస్తకాల సంగతి తప్ప. ఓడలో నాలుగు వేల సంపుటాలు ఉండేవి. వాటి నష్టం తన గుండెలో ఒక పుండుగా, బ్రతికినంతకాలం మానని పుండుగా ఉండిపోయినదని చెప్పుతాడు.

ఇక్కడ ఆగి ఆలోచించవలెను. ఇది విధిని పూర్తిగా నమ్మిన మనిషి మాట. పుస్తకమంతా దేవుని నిర్ణయాన్ని గూర్చి చెప్పేవాడు. అయినను తొంభై ఏండ్ల వయస్సులో, ఫలానా నష్టం నాకు మానలేదు అని నిస్సంకోచంగా వ్రాసినాడు. అన్నీ దైవేచ్ఛ గదా, పుస్తకాలు కూడ పోతే పోయినవి అని తేల్చివేయలేదు. అట్లని ఆ ఒక్క పుండు పేరుతో మిగిలినవన్నీ పాడైనవని కూడ అనలేదు. ఏది తేలికపడినదో, ఏది పడలేదో వేరువేరుగా లెక్క చెప్పినాడు. ధనం ఒక పద్దు, మనుషులు ఒక పద్దు, పుస్తకాలు ఒక పద్దు. దుఃఖంలో ఉన్నవారికి అన్ని నష్టాలు కలిసి ఒకే ముద్దగా కనిపించుట సహజం. ముద్దను విడదీసి చూచుట కూడ ఒక రకమైన నిగ్రహమే అని నా అభిప్రాయం. సబర్ అనే మాట మూలార్థానికి అది దూరం కాదు.

మూడేండ్లకు అంతకంటె పెద్ద దెబ్బ తగిలినది. 1157 ఆగస్టులో ఉత్తర సిరియాను ఘోరమైన భూకంపం కుదిపివేసినది. హమా నేలమట్టమైనది. షైజర్ కోట కూలి లోపల ఉన్న మున్ఖిజ్ వంశం దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది. పిల్లవాని సున్నతి విందుకు బంధువులందరూ ఒకచోట చేరిన సమయంలో పైకప్పు పడినదని చరిత్రకారులు వ్రాసినారు. శిథిలాల నుండి ప్రాణంతో బయటకు తీయబడినది అమీరు భార్య ఒక్కతెయే. అప్పటికి కోట ఏలుతున్నవాడు ఉసామా పినతండ్రి కుమారుడు. ఎవరికోసం ఆయనను ఇంటినుండి పంపివేసినారో ఆ కుమారులే కోటతో పాటు పోయినారు. పంపివేయబడినవాడు బ్రతికినాడు.

ఇట్టి సందర్భంలో మనిషి రెండు విధాల దారి తప్పవచ్చును. నాకు చేసిన అన్యాయానికి ఫలం అనుభవించినారు అని సంతృప్తి పడవచ్చును. లేదా నేనొక్కడినే ఎందుకు మిగిలితినని తనను తాను తినివేసికొనవచ్చును. ఉసామా ఈ రెండూ చేసినట్లు కనిపించదు. పోయినవారి కోసం విలాప కవితలు వ్రాసినాడు. అరబ్బీ కవిత్వంలో విడిచిపోయిన నివాసాలను చూచి ఏడ్చుట అతి పురాతన సంప్రదాయం. ఇస్లాముకు పూర్వపు కవుల ఖసీదాలు అట్లే మొదలవుతాయి. తన కాలం వరకు ఆ విధంగా వచ్చిన పద్యాలను ఏరి, స్థలాలను, ఇండ్లను, శిథిలాలను గూర్చిన పద్యాలతో 'కితాబుల్ మనాజిల్ వద్దియార్' అనే పెద్ద సంకలనం కూర్చినాడు. తన పుట్టినిల్లు నాశనమైనందుననే ఈ పనికి పూనుకొన్నానని పీఠికలో చెప్పినాడు. ఈ గ్రంథపు ప్రాచీన ప్రతి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నది.

ఇందులో గమనించదగినది ఏమనగా, ఆయన దుఃఖానికి పని కల్పించినాడు. ఆ పని తన దుఃఖాన్ని ఒంటరిగా ఉండనీయలేదు. ఐదారు వందల ఏండ్లుగా ఎందరు కవులు ఎన్ని శిథిలాల ముందు నిలిచినారో వారందరి నడుమ తన షైజర్‌ను కూడ ఒకచోట నిలిపినాడు. నీకు ఒక్కనికే వచ్చిందా ఈ కష్టం అని మనం వృద్ధులను గద్దించుతాము. ఆ మాట బయటివారు చెప్పినప్పుడు గాయపరుస్తుంది. దానినే మనిషి తనకు తానుగా, ఇతరుల దుఃఖాలను ఓపికగా చదివి, వ్రాసి తెలిసికొన్నప్పుడు ఊరట అవుతుంది. మాట ఒకటే, ఎవరు ఎవరికి చెప్పినారన్నదానిలో ఉన్నది తేడా.

చేతికర్ర

1164లో, అరవై తొమ్మిదవ యేట, ఉసామా టైగ్రిస్ నది ఒడ్డున హిస్న్ కైఫా అనే పట్టణానికి చేరినాడు. అక్కడ పదేండ్లు గడిచినవి. యుద్ధాలు లేవు, ఆస్థానంలో పెద్ద అధికారం లేదు. ఇంతకాలం గుర్రంమీద తిరిగినవాడు ఈ పదేండ్లలో వరుసగా పుస్తకాలు వ్రాసినాడు. వాటిలో 'కితాబుల్ అసా' ఒకటి. అసా అనగా చేతికర్ర.

దీని పీఠికలో చెప్పిన కథ ముచ్చటగా ఉన్నది. ఈ పేరు గల ఒక పుస్తకాన్ని గూర్చి చిన్నతనంలో తండ్రి నోట విన్నాడట. దానికోసం సిరియా, ఈజిప్టు, ఇరాక్, హిజాజ్ అంతటా సుమారు అరవై ఏండ్లు వెదకినాడు. ఎవరినడిగినా తెలియదన్నారు. దొరకదని తేలేకొలది ఆశ పెరిగినది. చివరకు తానే వ్రాయుటకు కూర్చున్నాడు. మూసా ప్రవక్త చేతికర్ర మొదలుకొని చరిత్రలో, సాహిత్యంలో కనిపించే కర్రలన్నిటిని అందులో చేర్చినాడు. తాను చూచిన మనుషుల కథలు, వృద్ధాప్యాన్ని గూర్చిన మాటలు కూడ కలిపినాడు. కర్ర లేనిదే నడువలేని స్థితిలో ఉన్నవాడు కర్ర మీదనే గ్రంథం వ్రాయుటలో కొంత నవ్వు ఉన్నది. ఆ నవ్వును వదలుకొనకూడదు. దుఃఖాన్ని గూర్చి వ్రాసే మనవంటివారు దానిని తరచుగా మరచిపోతూ ఉంటారు.

ఇఅతిబార్ అను మాట

1174లో సలాహుద్దీన్ దమాస్కసును స్వాధీనపరచుకొన్నాడు. ఉసామా కుమారుడు ముర్హఫ్ ఆయన సన్నిహితుడు. ఆ సంబంధం వలన డెబ్బది తొమ్మిదేండ్ల వృద్ధుని దమాస్కసుకు పిలిపించి, భృతి ఏర్పాటు చేసినారు. దూరప్రాంతంలో మరచిపోబడిన తనను వెదికి రప్పించినందుకు ఉసామా సలాహుద్దీన్‌ను చాలా పొగడినాడు. పొగడ్తలో ఆస్థాన మర్యాద కొంత ఉండవచ్చును. కాని వృద్ధునికి ఓదార్పు మాటలతో పాటు ఇల్లు, భోజనం, తనను ఇంకా ఒకరు అడిగినారన్న తృప్తి ఎంత అవసరమో ఆ పుటలు స్పష్టంగా చూపుతున్నవి. సబర్‌ను బోధించేవారు ఈ భాగాన్ని దాటవేయరాదు.

ఇక్కడనే, చాంద్రమాన లెక్కలో తొంభై ఏండ్లు నిండిన తరుణంలో, తన జ్ఞాపకాలను 'కితాబుల్ ఇఅతిబార్' అనే పేరుతో కూర్చినాడు. మన ఉర్దూ పాఠకులకు తెలిసిన 'ఇబ్రత్' అనే మాటకు, దీనికి ధాతువు ఒకటే. దాటుట అని మూలార్థం: చూచిన సంఘటన నుండి దాని అర్థం వరకు దాటుట. ఈ గ్రంథపు ఒకే ఒక ప్రతి స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో, మొదటి ఆకులు పోయిన స్థితిలో, ఫ్రెంచి పండితుడు హార్ట్విగ్ దెరెన్‌బర్గ్‌కు 1880లో దొరికినది. 1929లో ఫిలిప్ హిట్టీ ఆంగ్లానువాదం వెలువడినది. ఆ అనువాదపు శీర్షికలో హిట్టీ ఉసామాను పెద్దమనిషి అన్నాడు, యోధుడు అన్నాడు. ముసలివాడు అన్న మాట లేదు. అందుచేతనే కాబోలు, క్రూసేడర్ల అలవాట్లను గూర్చిన కొన్ని వినోదకరమైన కథల కోసమే చాలామంది ఈ పుస్తకాన్ని చదువుతారు. నా దృష్టిలో ఇది మొదటినుండి చివరివరకు ఒక ముసలివాడు వ్రాసిన పుస్తకం.

ఇందులో పదేపదే వచ్చే వాదం ఒకటి ఉన్నది. మనిషి ఆయువు ముందే నిర్ణయించబడినది. ప్రమాదంలో దూకినంత మాత్రాన తగ్గదు, జాగ్రత్తపడినంత మాత్రాన పెరుగదు. భయంకరమైన గాయాలతో బ్రతికినవారి కథలు, స్వల్ప కారణంతో మరణించినవారి కథలు వరుసగా చెప్పి, ఇన్ని యుద్ధాలలో, ఇన్ని సింహాల వేటలలో చావక తొంభై ఏండ్లు బ్రతికిన తననే సాక్ష్యంగా నిలుపుతాడు.

ఈ వాదాన్ని యథాతథంగా తీసికొనుట కష్టం. యుద్ధంలో చనిపోయినవారు పుస్తకం వ్రాయలేదు గదా! మిగిలినవాడు చెప్పే లెక్క ఎప్పుడూ మిగిలినవాని వైపే ఉంటుంది. కాని ఆ వాదం యువకుని ధైర్యం కోసం చెప్పినదిగా కాక, వృద్ధుని ప్రశ్నకు సమాధానంగా చదివినచో దాని బలం తెలియును. ఆ ప్రశ్న ఏది? అందరూ పోయినారు, నేను ఎందుకు ఉన్నాను అనేది. తాను ఉండుట తన ప్రతిభ కాదు, తన నేరం కూడ కాదు అని ఆయన తేల్చుకొన్నాడు. తమకంటె చిన్నవారిని పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు ఈ రెండవ మాట ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. నేను ముందే ఆసుపత్రికి తీసికొనిపోయి ఉంటే, నేను ఊరు పంపకుండా ఉంటే అని రాత్రులు లెక్కలు వేసేవారిని 2021 తరువాత మనమందరం చూచినాము.

వృద్ధాప్యాన్ని ఉసామా పొగడలేదని కూడ చెప్పవలెను. కాళ్లు నిలువవు, కండ్లు ఆనవు, అక్షరాలు వంకరపోతున్నవి; ఒకనాడు బల్లెంతో సింహాన్ని పొడిచిన చేయి ఇప్పుడు కలం పట్టుటకే వణకుతున్నదని తానే ఆశ్చర్యపడినాడు. దీర్ఘాయువు కోరుకొనేవారు దానితో వచ్చే దానిని కూడ తెలిసికొనవలెనని ఆయన ధోరణి. ఖురాన్ కూడ ఈ విషయంలో మెత్తగా మాట్లాడదు. బలహీనతతో మొదలై, బలం వచ్చి, మరల బలహీనతకు, నెరసిన తలకు చేరే మానవ జీవితాన్ని ముప్పదవ సూరా ఉన్నదున్నట్లు వర్ణించినది.

ఆధునిక వైద్యులు ఈ విషయాన్ని ఆలస్యంగా గుర్తించినారు. ముసలివారు పాత సంగతులే మరల మరల చెప్పుట మతి తప్పుటకు గుర్తు అని చాలాకాలం భావించేవారు. 1963లో అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ ఒక వ్యాసంలో దీనిని ఖండించి, మరణం దగ్గరపడుతున్నదని తెలిసినప్పుడు గడచిన జీవితాన్ని తిరిగి చూచుకొనుట సహజమైన, అవసరమైన మానసిక కార్యమని వాదించినాడు. అది సరిగా సాగినచో పాత కలహాలు సర్దుకొంటాయి. సాగనిచో నిరాశకు, అపరాధ భావానికి కూడ దారితీయవచ్చునని ఆయన హెచ్చరిక. ఉసామా గ్రంథం సరిగా సాగినదానికి మంచి నిదర్శనం. తనను ఇంటినుండి వెళ్లగొట్టిన పినతండ్రిని కూడ అందులో ఎన్నోచోట్ల ధైర్యశాలిగా, దక్షునిగా చూపినాడు. నలభై అయిదేండ్ల నాటి కోపం అక్కడ దాదాపు కనిపించదు. క్షమించితినని ఎక్కడా ప్రకటించలేదు. మనిషి చేసిన మంచిపనులను కథలుగా చెప్పుకొంటూ పోయినాడు.

పుస్తకపు చివరి భాగం వేటను గూర్చినది. యుద్ధాలు, రాజులు, కుట్రలు అన్నీ ముందే అయిపోయినవి. తొంభై ఏండ్ల వృద్ధుడు ఈ భాగంలో తన తండ్రిని గూర్చి మాట్లాడుతాడు. ఏ డేగను ఎక్కడినుండి తెప్పించినాడో, ఏ చిరుతను ఎట్లు మచ్చిక చేసినారో, తెల్లవారుజామున నది ఒడ్డుకు పోయేటప్పుడు ఎవరు ఏ వైపు నడిచేవారో, ఏ కుక్క ఎట్టిదో అన్నీ గుర్తున్నవి. ఆ కోట అప్పటికి కూలి పాతికేండ్లు దాటినది. వేటకు పోయినవారిలో ఒక్కరూ లేరు. ఈ పుటలలో ఆయన ఏడ్చినట్లు కనిపించదు, బోధించినట్లు కనిపించదు. మనుమలు అడిగితే చెప్పే తాతవలె చెప్పుకొంటూ పోతాడు.

అడిగినవారు ఉన్నారు కూడ. ఎస్కోరియల్ ప్రతి చివర ఒక చిన్న ధ్రువీకరణ వ్రాసి ఉన్నది. హిజ్రీ 610వ సంవత్సరం సఫర్ నెలలో, అనగా 1213లో, ఒక యువకుడు ఈ గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు కొన్ని విడతలుగా తన తాత ఎదుట చదివి, దీనిని ఇతరులకు చెప్పుటకు అనుమతి కోరినాడు. ఆ తాత ఉసామా కుమారుడు ముర్హఫ్. తండ్రి పోయి ఇరవై అయిదేండ్లు. ముర్హఫ్ కూడ అప్పటికి పండు ముసలి. మనుమడు చదివినదంతా విని, ఇది సరియైనది అని తన చేతితో వ్రాసి, క్రింద పేరు పెట్టినాడు.